నేపాల్‌కు ఏ నెలలో వెళ్ళాలో అడిగే ముందు, ఎంత ఎత్తుకు వెళ్తున్నారో చెప్పండి

నేపాల్ ప్రయాణం గురించి నన్ను అడిగేవారందరూ ఒకే ప్రశ్నతో మొదలుపెడతారు: "అక్కడ మంచి కాలం ఎప్పుడు?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. జూలైలో పోఖరాలో గొడుగు వేసుకున్నా తడిసిపోయే వాన కురుస్తుంటుంది. అదే రోజు, అక్కడికి విమానం దారిలో డెబ్బై కిలోమీటర్లు కూడా లేని జోమ్‌సోమ్‌లో దుమ్ము లేస్తుంటుంది. జనవరిలో మైదానంలో ఉన్న లుంబిని పొగమంచులో మునిగి, జనం చలిమంటల చుట్టూ చేరతారు. దానికంటే వెయ్యి మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఖాట్మండులో మాత్రం మధ్యాహ్నం మేడ మీద ఎండలో కూర్చుని కమలాపండ్లు ఒలుచుకు తింటుంటారు.

దేశం చిన్నదే. తూర్పు కొసన ఝాపా జిల్లాలో కొన్నిచోట్ల నేల సముద్రమట్టానికి డెబ్బై మీటర్లు కూడా ఉండదు. ఉత్తరాన నేపాలీలు సాగరమాథా అని పిలుచుకునే ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లు. ఈ రెండు చోట్ల మధ్య దూరం హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్ళినంత కూడా లేదు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే వేడి సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కాబట్టి క్యాలెండర్‌లో నెల ఒకటే అయినా, బస్సు కిటికీలోంచి చూస్తుండగానే రుతువు మారిపోతుంది.

అయితే ఎత్తుతోనే లెక్క తేలదు. కొండకు ఏ పక్కన ఉన్నారన్నది కూడా అంతే ముఖ్యం. అనంతపురం జిల్లావారికి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు. పడమటి కనుమలు మేఘాలను పిండుకున్నాక మిగిలిన గాలే వారికి దక్కుతుంది. నేపాల్‌లో ఆ పని అన్నపూర్ణ, ధవళగిరి పర్వతాలు చేస్తాయి. పోఖరాకు దక్షిణాన మేఘాలను అడ్డుకునేంత ఎత్తయిన కొండలు లేవు. బంగాళాఖాతం మీదుగా వచ్చిన తేమగాలి నేరుగా వెళ్ళి అన్నపూర్ణ గోడకు కొట్టుకుని అక్కడే కురిసేస్తుంది. పోఖరాలో ఏడాదికి ఇంచుమించు 3,900 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దాని పక్కనే కొండ మీద ఉన్న లుమ్లేలో 5,000 దాటుతుంది. ఆ గోడకు అవతల జోమ్‌సోమ్‌లో 300 కూడా ఉండదు, అంటే అనంతపురానికి పడే వానలో సగం.

నైరుతి రుతుపవనాలు నేపాల్‌లో తూర్పు వైపు నుంచి ప్రవేశిస్తాయి. అక్కడి వాతావరణ శాఖ లెక్క ప్రకారం వాటి రాక సాధారణంగా జూన్ 13న, పోక అక్టోబరు 2న. ఏడాది వానలో దాదాపు ఎనభై శాతం ఈ మూడున్నర నెలల్లోనే పడుతుంది. ఈ రెండు తేదీలు గుర్తుంటే సగం ప్రణాళిక అయిపోయినట్టే. మిగతా సగం మీకు సెలవులు ఎప్పుడు దొరుకుతాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మన కుటుంబాలకు తీరిక చిక్కేది వేసవికి, దసరాకు, సంక్రాంతికి. అందుకే వాటినే కొలతగా పెట్టుకుని పోలుస్తాను.

వేసవి సెలవులు

ఏప్రిల్, మే నెలల్లో నేపాల్ వెళ్ళేవారిలో చాలామంది "ఎండ తప్పించుకోవడానికి" అంటారు. ఏ దారిన వెళ్తున్నారో చూసుకోకపోతే ఎండకు ఎదురు వెళ్ళినట్టే అవుతుంది. రైల్లో గోరఖ్‌పూర్ దాకా వెళ్ళి, సునౌలీ దగ్గర సరిహద్దు దాటి, లుంబిని మీదుగా పైకి వెళ్ళడం మన యాత్రా బృందాలకు అలవాటైన దారి. ఆ మైదానాన్ని తరాయి అంటారు. మే నెలలో అక్కడ నలభై డిగ్రీలు దాటడం మామూలే. పడమటి వైపున్న నేపాల్‌గంజ్ అయితే ఎండకు మన రామగుండంతో పోటీ పడుతుంది. వైశాఖ పౌర్ణమికి లుంబినిలో ఉండాలన్న కోరిక ఉంటే తప్ప, మే నెలలో తరాయిలో ఒక్క రాత్రి కూడా ఎక్కువ పెట్టుకోవద్దు.

ఖాట్మండు అప్పుడు హాయిగా ఉంటుంది. పగలు ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది డిగ్రీలు. సాయంత్రం ఉరుములతో ఒక జల్లు. పోఖరా కూడా బాగానే ఉంటుంది కానీ, కొండల కోసం వెళ్ళేవారు నిరాశపడే అవకాశం ఎక్కువ. మార్చి నుంచి అడవులు అంటుకుని పొగ కమ్ముతుంది. తొలకరి వానలు ఆ పొగను కడిగేదాకా ఎదుట ఉన్న మచ్ఛపుచ్ఛ్రే శిఖరం కూడా కనిపించని రోజులుంటాయి. మధ్యాహ్నం తరువాత వడగళ్ళ వానలూ ఉంటాయి. ఫేవా చెరువులో పడవ షికారు ఉదయమే ముగించుకోవాలి.

ఎర్రని లాలీగురాంస్ పూలు చూడాలంటే మే దాకా ఆగకండి. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో ఘోరేపానీ, పూన్‌హిల్ దారి వాటితో నిండి ఉంటుంది. పరీక్షల కాలం కాబట్టి పిల్లలున్నవారికి కుదరదు. పదవీ విరమణ చేసినవారు మాత్రం ఆ మూడు వారాలను వదులుకోకూడదు.

ముక్తినాథ్ సంగతి వేరు

తెలుగువారిలో నేపాల్ వెళ్ళే పెద్దల్లో ఎక్కువమంది లక్ష్యం ఇదే కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. సాలగ్రామాలు దొరికే కాళీ గండకి లోయకు ఎగువన, సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ సాలగ్రామాల్లో చక్రాలుగా కనిపించేవి ఒకప్పటి సముద్రజీవుల గుల్లల గుర్తులు. తీరమే లేని దేశంలో, హిమాలయాల నడుమ, సముద్రం తన ముద్ర వేసి వెళ్ళిందన్నమాట.

మొదటిసారి మా పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు, యాత్ర నడిపినవారు తెల్లవారుజామున పోఖరాలో బస్సెక్కించి, ఆ రాత్రికి గుడి కింద ఉన్న రాణీపౌవా ఊళ్ళో దించారు. మా మేనత్తకు రాత్రంతా తలనొప్పి, వాంతులు. చలికి తట్టుకోలేక అనుకుని ఇంకో రగ్గు కప్పాం. అది చలి వల్ల వచ్చింది కాదు, ఎత్తు వల్ల వచ్చింది. పోఖరా 820 మీటర్లు, అంటే మన అరకు లోయ కంటే కాస్త తక్కువే. ఒక్క రోజులో అక్కడి నుంచి దాదాపు మూడు వేల మీటర్లు ఎక్కించేశారు. ఆ ఎత్తున మనకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతుల కంటే తక్కువ. ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వాలి కదా.

అందుకని ఏ నెలలో వెళ్ళినా ఒక్క మాట పట్టుకోండి. మార్ఫాలోనో, జోమ్‌సోమ్‌లోనో కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు పడుకోండి. రెండూ 2,700 మీటర్ల దగ్గర ఉంటాయి. ఉదయం ముక్తినాథ్ వెళ్ళి దర్శనం చేసుకుని, సాయంత్రానికి మళ్ళీ కిందికి వచ్చేయండి. తలనొప్పి, వాంతులు, అడుగు తడబడటం కనిపిస్తే మందు వేసి చూద్దామనకుండా వెంటనే దిగిపోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు బయలుదేరకముందే వైద్యుణ్ణి అడగాలి.

రెండో సంగతి గాలి. పొద్దెక్కిన కొద్దీ, జోమ్‌సోమ్, ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా నేల వేడెక్కి అక్కడి గాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి దక్షిణాన ఉన్న గాలి అంతా కాళీ గండకి ఇరుకు లోయలోంచి దూసుకువస్తుంది. పదిన్నర, పదకొండు దాటితే జోమ్‌సోమ్‌లో టోపీ నిలవదు. పోఖరా నుంచి వచ్చే చిన్న విమానాలు ఉదయం పూటే తిరుగుతాయి. టికెట్టు కొనేటప్పుడు మొదటి విమానమే అడగండి. రెండోదో మూడోదో అయితే, గాలి ముందుగా లేచిన రోజున మీరు విమానాశ్రయంలోనే ఉండిపోతారు.

ఇక నెలల పోలిక. వానాకాలంలో ముక్తినాథ్ ఎండలో ఉంటుంది కానీ, అక్కడికి వెళ్ళే దారి వానలో ఉంటుంది. పోఖరా, బేనీ, ఘాసా వరకు బస్సు మార్గం గట్టిగా వాన పడే కొండల్లోంచే వెళ్తుంది. కొండచరియ విరిగిపడితే యంత్రం వచ్చి మట్టి తీసేదాకా రోడ్డు మీదే కూర్చోవాలి. విమానమా అంటే, పోఖరా వైపు మబ్బు తీయాలి. "ముస్తాంగ్‌లో వాన పడదట" అన్న మాటను కూడా ఇప్పుడు పూర్తిగా నమ్మలేం. 2023 ఆగస్టు 13న ముక్తినాథ్ దారిలోనే ఉన్న కాగ్‌బేనీ ఊరి మీదికి బురద వరద వచ్చి ఇళ్ళను ముంచింది. అక్కడి ఇళ్ళ కప్పులు చదునైన మట్టి కప్పులు. మంచుకూ గాలికీ కట్టుకున్నవి, గట్టి వానకు కట్టుకున్నవి కావు.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు గొట్టాల్లో నీళ్ళు గడ్డకడతాయి, చాలా వసతిగృహాలు మూతపడతాయి. ముక్తినాథ్ గుడి దగ్గరున్న నూట ఎనిమిది ధారల కింద స్నానం చేయాలన్న సంకల్పం ఉన్న పెద్దలకు ఆ కాలాన్ని నేను సూచించను. మిగిలినవి రెండు అవకాశాలు. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు ఆకాశం కడిగినట్టుంటుంది. ధవళగిరి, నీలగిరి శిఖరాలు రోజంతా కనిపిస్తాయి. కానీ రాత్రుళ్ళు గట్టి చలి. ఏప్రిల్ చివర, మే నెలల్లో కొండలు కాస్త మసకగా ఉన్నా చలి తగ్గి ఉంటుంది. కళ్ళ కోసమైతే అక్టోబరు, ఒంటి కోసమైతే మే. అరవై దాటినవారితో వెళ్తుంటే నేను రెండోదానికే ఓటు వేస్తాను.

దసరా సెలవులు

అందరూ చెప్పే మంచి కాలం ఇదే. అది నిజమే కానీ మూడు చిక్కులున్నాయి.

ఒకటి, దసరా ఏ తేదీన వచ్చిందో చూడాలి. అక్టోబరు మొదట్లోనే వచ్చేస్తే రుతుపవనాలు ఇంకా వెళ్ళి ఉండకపోవచ్చు. 2024లో సెప్టెంబరు 26 నుంచి 28 వరకు కురిసిన వానకు ఖాట్మండు లోయ మునిగింది. దేశమంతటా రెండు వందల మందికి పైగా చనిపోయారు. కొండచరియల కింద బస్సులు కూరుకుపోయాయి. అప్పటికి వానాకాలం అయిపోయినట్టేనని జనం అనుకుంటున్న రోజులవి. అక్టోబరు పది తరువాత బయలుదేరేలా చూసుకుంటే భయం బాగా తగ్గుతుంది.

రెండు, మన దసరా వారికి దశైఁ. ఏడాదికల్లా పెద్ద పండుగ. ఖాట్మండు ఖాళీ అయిపోయి ఊళ్ళకు వెళ్ళే బస్సులు నిండిపోతాయి. చాలా దుకాణాలు మూసి ఉంటాయి. మన హైదరాబాద్ సంక్రాంతికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. బస్సు టికెట్లు ముందే కొనుక్కోవాలి, లేదా పండుగ ముఖ్యమైన రోజుల్లో ఒకేచోట ఉండిపోవాలి.

మూడోది మనకు బాగా తెలిసిన శత్రువు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తుపాను చీల్చేసింది. ఆ రోజు విశాఖలో చెట్టూ స్తంభమూ మిగల్లేదని అందరికీ గుర్తే. ఆ తుపాను బలహీనపడి ఉత్తరానికి సాగి, రెండు రోజుల తరువాత, 14న, ముక్తినాథ్‌కు పైనున్న థోరాంగ్ లా కనుమ మీద మంచు తుపానుగా కురిసింది. ఆ కనుమ ఎత్తు 5,416 మీటర్లు. మనాంగ్ వైపు నుంచి కనుమ దాటుతున్నవారిపై, చుట్టుపక్కల కొండల్లో ఉన్నవారిపై నడుముల లోతు మంచు పడింది. నలభై మందికి పైగా పోయారు. అది కాలినడక యాత్రలకు ఏడాదిలో అన్నిటికంటే మంచి కాలమని పేరున్న వారం. అందుకే అక్టోబరు, నవంబరుల్లో నేపాల్‌లో ఎత్తైన కనుమలు దాటబోయేవారు స్థానిక వాతావరణ సూచనతో పాటు బంగాళాఖాతం వార్తలు కూడా చూసుకోవాలి. మన తీరానికి తుపాను హెచ్చరిక వచ్చిందంటే, కనుమకు ఇవతలి ఊళ్ళోనే మూడు నాలుగు రోజులు ఆగిపోవడం మంచిది.

ఇవి మినహాయిస్తే, ఎవరెస్ట్ వైపు నడకకైనా అన్నపూర్ణ చుట్టుదారికైనా ఇదే నా మొదటి ఎంపిక. రెండింట్లో ఒకటి తేల్చమంటే, మొదటిసారి వెళ్ళేవారికి అన్నపూర్ణ వైపే చెబుతాను. ఎవరెస్ట్ దారి 2,850 మీటర్ల దగ్గర లుక్లాలో మొదలై మొత్తం మీద పైకే పోతుంది. విమానం తప్ప సులువైన దారి లేదు, మబ్బు పట్టిందంటే ఆ విమానమూ లేదు. అన్నపూర్ణ వైపు పొలాలు, అడవి, ఎడారి, మంచు అన్నీ వరుసగా చూస్తారు, ఒంట్లో బాగోకపోతే దిగిరావడానికి చాలాచోట్ల రోడ్డు ఉంది.

సంక్రాంతి సెలవులు

జనవరిలో కొండల కంటే మైదానమే ఎక్కువ వణికిస్తుంది. ఇది చాలామందికి మింగుడుపడదు. గంగా మైదానాన్ని కప్పే పొగమంచే తరాయినీ కప్పేస్తుంది. పగలంతా ఎండ పొడ లేక, రాత్రికీ పగటికీ చలిలో తేడా తెలియదు. అక్కడివారు దాన్ని శీతలహర్ అంటారు. ఆ నెలలో జనక్‌పూర్, లుంబిని యాత్ర పెట్టుకుంటే విమానాల ఆలస్యానికి సిద్ధపడాలి. జనక్‌పూర్‌లోని జానకీ మందిరం చూడాలనుకుంటే నవంబరు చివరో, డిసెంబరులోనో వచ్చే వివాహ పంచమి మేలు. సీతారాముల పెళ్ళి ఉత్సవమూ దక్కుతుంది, పొగమంచు కూడా ఇంకా ముదరదు.

చిత్వన్ అడవికి మాత్రం జనవరి చివర నుంచి మార్చి వరకు చాలా మంచి కాలం. చుట్టుపక్కల గ్రామాలవారు ఏటా ఆ రోజుల్లో నిలువెత్తు గడ్డి కోసుకుంటారు. గడ్డి తగ్గాక ఖడ్గమృగాలు తేలిగ్గా కంటపడతాయి. పొద్దున్నే కాకుండా, మంచు విడిచాక బయలుదేరండి.

ఖాట్మండా, పోఖరానా అంటే జనవరిలో నా జవాబు పోఖరా. ఖాట్మండు గిన్నె లాంటి లోయ. చలికాలంలో చల్లని గాలి అడుగున నిలిచిపోయి, వాహనాల పొగ, ఇటుక బట్టీల పొగ దానిలోనే ఉండిపోతాయి. ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది. రాత్రి రెండు మూడు డిగ్రీలకు పడిపోతుంది. ఎక్కువ గదుల్లో వేడిచేసే ఏర్పాటు ఉండదు. పోఖరా దానికంటే ఆరువందల మీటర్లు కింద ఉండటం వల్ల చలి భరించదగ్గట్టే ఉంటుంది, ఉదయాలు తేటగా ఉంటాయి. పశుపతినాథ్ దర్శనానికి ఖాట్మండులో రెండు రోజులు చాలు.

మంచు పడటం చూడాలని పిల్లలు అడిగితే ఖాట్మండులో ఆశ పెట్టుకోవద్దు. 2007 ఫిబ్రవరి 14న నగరంలో మంచు పడితే అరవై మూడేళ్ళలో అదే మొదటిసారి. దోలఖా జిల్లాలో 3,800 మీటర్ల పైన ఉన్న కాలించోక్‌కు వెళ్తే జనవరి, ఫిబ్రవరుల్లో మంచు దొరికే అవకాశం బాగా ఉంటుంది.

జూలై, ఆగస్టు తప్ప కుదరనివారికి

అమెరికా నుంచి పిల్లల సెలవులకు వచ్చే తెలుగు కుటుంబాలకు దొరికేది ఈ నెలలే. ఖాట్మండు ఒక్కటే చూసి వెనుదిరిగితే నష్టం లేదు. వాన ఎక్కువగా రాత్రుళ్ళు పడుతుంది, పగలు గుళ్ళు తిరగవచ్చు. నిజంగా కొండల్లోకి వెళ్ళాలంటే వానకు చాటున ఉన్న ఎగువ ముస్తాంగ్, డోల్పో ఉన్నాయి. వాటికి ప్రత్యేక అనుమతి కావాలి, రుసుమూ ఎక్కువే. ఏది ఎంచుకున్నా రాత్రి బస్సు ఎక్కవద్దు. 2024 జూలై 12 తెల్లవారకముందే నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మధ్య సిమల్‌తాల్ వద్ద కొండచరియ రెండు బస్సులను త్రిశూలీ నదిలోకి తోసేసింది. పగటి ప్రయాణం, లేదా విమానం. ముక్తినాథ్ కూడా కలుపుకునేవారు తిరుగు ప్రయాణం టికెట్టుకు ముందు రెండు ఖాళీ రోజులు ఉంచుకోండి. రోడ్డు మూసుకుపోని ఏడాది ఆ రెండు రోజులూ మార్ఫా ఆపిల్ తోటల్లో గడిపేయవచ్చు.